మచ్చలు వెలగాలి

కదలొద్దు అని చెప్పిన మరుక్షణమే ముక్కు కొన మీద దురద మొదలైంది. రోసిలీ పళ్ళు బిగబట్టి ఓర్చుకుంది. ఎడమ చేతిలో సూది గుచ్చిన చోట దూది అంటించి ఉంది, అక్కడి నుంచి భుజం దాకా చల్లగా ఏదో పాకుతున్నట్టుంది, లేకపోతే పాకుతోందని తనే అనుకుంటోందేమో, మీకేమీ అనిపించదు చేచీ, సెలైన్ ఎక్కించినట్టే ఉంటుంది అని, అక్కను పిలిచినట్టు పిలిచి, డాక్టర్ ఇందులేఖ ముందే చెప్పింది. ఒక గంట. ఆకుపచ్చ రంగు గోడల ఈ చిన్న గదిలో, వెల్లకిలా పడుకుని, ఫోన్ లేకుండా, మాట లేకుండా ఒక గంట. ఆలువాలో సగంమంది ఆడవాళ్ళకు కారు నడపడం నేర్పిన మనిషి, తెల్లారింది మొదలు క్లచ్ నెమ్మదిగా వదలండి, అద్దంలో చూడండి, ఆ బస్సువాడు మీకేమన్నా మేనమామా అంత మర్యాదగా దారిస్తున్నారు అని అరుస్తూనే ఉండే మనిషి, ఇప్పుడు నోరు మూసుకుని పడుకోవాలి. మొగుడు పౌలోస్ వింటే పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఆ ఇంజెక్షనేదో మనింటికి కూడా ఒకటి అడిగి పట్రావే, నెలకోసారి వాడుకుందాం అనేవాడు. పౌలోస్ ఇవాళ రాలేదు. తనే రావద్దంది. వస్తే వరండాలో అటూ ఇటూ తిరిగి వాచ్‌మన్ దగ్గర్నుంచి అందరికీ జబ్బు కథ చెప్పి, చివరికి తనే కళ్ళు తిరిగి కూలబడతాడు, ఏడేళ్ళ కిందట ఆపరేషన్ రోజున అదే జరిగింది, నర్సులు లోపల తనను చూడాలా బయట ఆయన్ని చూడాలా అని తగువులాడుకున్నారు.

గోడ వెనక ఎక్కడో గొట్టంలోంచి వాన నీళ్ళు దిగుతున్న చప్పుడు. జూన్ వాన. ఈపాటికి డ్రైవింగ్ స్కూలు గ్రౌండులో నేర్చుకునేవాళ్ళ కోసం పాతిన కర్రలన్నీ బురదలో ఒరిగిపోయి ఉంటాయి. ఇంజెక్షన్‌లో ఎక్కించిన బుడగలు ఇప్పుడు రక్తంలో తిరుగుతున్నాయి. ఎన్ని ఉంటాయి అని అడిగితే, ఆలువా ఏట్లో నీటి చుక్కలెన్నో చెప్పగలరా అంది డాక్టర్. వెంట్రుక మందంలో వెయ్యో వంతు. కొవ్వుతో చేసిన బుడగలు, ఒంటినిండా కొక్కేలు. ఆ కొక్కేలు మామూలు కణాల జోలికి పోవు, రొమ్ములో పుట్టి అక్కడ ఉండలేక ఒళ్ళంతా తిరిగి ఎక్కడంటే అక్కడ గుడిసె వేసుకునే కణాలున్నాయే, వాటిలో కొన్నిటి ఒంటి మీద ఒక పిడి లాంటిది ఉంటుందట, దానికి మాత్రమే తగులుకుంటాయి. తగులుకున్న చోట వెలుగుతాయి, ఆ వెలుగు మన కంటికి కనపడదు, పక్క గదిలో ఉన్న యంత్రానికి కనపడుతుంది. ఇవాళ ఆ బుడగల కడుపులో మందు లేదు, వెలుగు ఒక్కటే ఉంది. ఇవాళ ఒంట్లో ఉన్న జబ్బు మచ్చలు వెలిగితే వచ్చే వారం అవే బుడగల్లో మందు నింపి పంపిస్తారు, అవి తిన్నగా వెళ్ళి అక్కడే దిగుతాయి. వెలగకపోతే పంపరు. పంపినా ఏం లాభం, పట్టుకోవడానికి పిడి లేనప్పుడు అవి ఊరికే ఊరంతా తిరిగి మూత్రంలో పోతాయి.

వెలగాలి. దేవుడా, వెలగాలి. ఎంత విచిత్రమైన కోరిక, ఇన్నేళ్ళుగా ప్రతి స్కానింగుకీ ముందు రోజు ఏమీ కనపడకూడదు, ఏమీ కనపడకూడదు అని మోకాళ్ళ మీద కూర్చున్న మనిషి ఇప్పుడు అన్నీ కనపడాలి, ఒక్కటీ దాక్కోకూడదు అని అడుగుతోంది. నిన్న చర్చిలో పౌలోస్ కొవ్వొత్తి వెలిగించి గట్టిగానే అనేశాడు, లేత్ మిషన్ల మధ్య పని చేసీ చేసీ ఆయనకు గుసగుస అంటే ఏమిటో తెలియదు. "కర్తావే, రేపు స్కానింగులో మా రోసిలీకి ఏమీ కనపడకుండా చూడు తండ్రీ."

"అచ్చాయా, నోరు ముయ్యండి! తప్పు ప్రార్థన!"

"ఇందులో తప్పేముందే?"

"అవి ఉన్నాయని పోయిన నెలే తేలింది కదా. రేపు కనపడకపోతే నాకు మందివ్వరు. కనపడాలని అడగండి. బాగా కనపడాలని అడగండి."

పాపం, ఆయన అయోమయంగా కొవ్వొత్తి వంక చూశాడు, దాన్ని ఉఫ్‌మని ఊదేసి, ఇంకొకటి తెచ్చి వెలిగించి, "ఇందాకటిది లెక్కలోకి తీసుకోకు" అని మొదలెట్టాడు. వెనక బెంచీలో ఎవరో ముసలమ్మ శిలువ వేసుకుంది. అప్పుడు నవ్వొచ్చింది, బయటికి వచ్చాక మాత్రం ఆయన గొడుగు బొత్తాం రెండు మూడుసార్లు నొక్కినా తెరవలేకపోవడం చూసింది, చూడనట్టే తను అందుకుని తెరిచింది.

వెన్నులో ఒకటి, తుంటి ఎముకలో రెండు, కుడి ఊపిరితిత్తిలో ఒకటి. ఉన్నవి అవి. వెన్ను నొప్పి మొదలైనప్పుడు నెపం సీటు మీదికి నెట్టేసింది, రోజంతా కారులో కూర్చునేవాళ్ళకు నడుం నొప్పి రాక ఇంకేం వస్తుంది, కొత్త దిండు కొనుక్కుంది, కొబ్బరి నూనెలో వెల్లుల్లి కాచి రాయించుకుంది. ఒళ్ళు తనకు చెప్తూనే ఉంది, తను వినిపించుకోలేదు, వినిపించుకుంటే ఏం వినాల్సి వస్తుందో తెలుసు కాబట్టి. ఒక రోజు ఒక పిల్ల సడన్ బ్రేకు వేసింది, అంత చిన్న కుదుపుకే కళ్ళ ముందు నల్లబడింది. ఆ పిల్ల ఏడుపు మొహం పెట్టి, సారీ చేచీ సారీ చేచీ అంటుంటే, నీ తప్పు కాదమ్మా, కుక్క అడ్డం వచ్చింది కదా బాగానే ఆపావు అని చెప్పి, బండి పక్కకు తీయించి, అక్కడి నుంచే డాక్టరుకు ఫోన్ చేసింది.

"చేచీ," అంది గోడలోంచి స్పీకరు. అద్దం అవతల కూర్చున్న టెక్నీషియన్ పిల్ల, షిజి. "కాలితో ఏదో తొక్కుతున్నారు."

నిజమే. కుడి కాలు దుప్పటి కింద బ్రేకు కోసం వెతుక్కుంటోంది. నేర్పేవాళ్ళ వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది, ఇన్నేళ్ళుగా ఆ కాలు దాని మీదే ఉంది, నిద్రలో కూడా తొక్కుతుందని పౌలోస్ గొడవ. రోసిలీ కాలిని నిదానంగా జాపింది. "సరేనమ్మా" అనబోయి, మాట్లాడకూడదని గుర్తొచ్చి ఆగిపోయింది. ఆ పిల్ల వయసు తన కూతురు లిమి వయసే ఉంటుంది. లిమి కోళికోడ్‌లో పరీక్షలు రాస్తోంది, నేను వస్తానమ్మా అంటే వద్దంది, నువ్వొచ్చి చేసేదేముంది, నేను పడుకుంటా, యంత్రం చూస్తుంది, నువ్వు పరీక్ష రాయి. లిమి ఫోనులోనే, అమ్మా నీకు భయంగా లేదా అంది. ఉంది అని చెప్పింది రోసిలీ. మొదటిసారి జబ్బు వచ్చినప్పుడు ఆ పిల్లకు అబద్ధాలు చెప్పింది, చిన్న గడ్డ, తీసేస్తే అయిపోతుంది అని, జుట్టు ఊడిపోతే పేలు పట్టాయి అందుకే తీయించుకున్నా అని. అప్పుడు లిమి బాత్‌రూం తలుపు వేసుకుని ఏడ్చేది, నమ్మలేదన్నమాట. ఈసారి అబద్ధాల్లేవు. భయంగా ఉంది, కానీ పోయినసారి కంటే వేరే రకం భయం, పోయినసారి చీకట్లో నిలబడి ఉన్నట్టు ఉండేది, ఈసారి ఎవరో తలుపు తెరవబోతున్నట్టు ఉంది, అవతల ఎవరున్నారో తెలియదు, అంతే తేడా అని చెప్పింది. లిమి, అమ్మా నువ్వు ఇలాంటి మాటలు కూడా మాట్లాడతావా అని నవ్వింది. నవ్వింది, అది చాలు.

ఏడేళ్ళ కిందట ఇచ్చిన మందు ఎర్రగా ఉండేది, రూహఫ్జా షర్బత్‌లా. ఒళ్ళంతా తిరిగేది, చెడ్డదాన్నీ మంచిదాన్నీ ఒకే కర్రతో బాదేది. గోళ్ళు నల్లబడ్డాయి, నాలుక మీద ఉప్పు రాయి పెట్టినా రుచి తెలిసేది కాదు, చేపల పులుసు వాసన వస్తే పక్కింటికి పారిపోయేది, మీన్ కూర లేకుండా ముద్ద దిగని మనిషి. ఆ మందు ఎక్కించే హాల్లోనే నబీసా ఇత్తా దొరికింది. పక్క కుర్చీ. వాళ్ళ ఇళ్ళల్లో పెద్దక్కను ఇత్తా అంటారు, మొదటి రోజునుంచే తనూ అలాగే పిలిచింది. మట్టాంచేరి మనిషి, పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురు చుట్టూ చేరి చప్పట్లు కొడుతూ పాడే ఆడవాళ్ళ జట్టుకు పెద్ద. సూది చేతిలో ఉండగానే రెండో చేత్తో తొడ మీద తాళం వేసుకుంటూ పాడేది, నర్సు వచ్చి అమ్మగారూ ఇది ఆస్పత్రి అంటే, ఆస్పత్రిలో పెళ్ళిళ్ళు జరగకూడదని ఎక్కడ రాసుందమ్మా, నీకు పెళ్ళయిందా లేదా ముందది చెప్పు అనేది. ఆ రోజుల్లో రోసిలీ నవ్వింది ఆ హాల్లోనే. ఇంట్లో అందరూ తన మొహం చూసి భయపడేవాళ్ళు, అక్కడ నబీసా తన బోడి గుండు చూసి, అబ్బా తల ఎంత గుండ్రంగా ఉందే నీకు, నాది చూడు పనసకాయలా ఎలా ఉందో అనేది.

తర్వాత కారు నేర్పమని వచ్చింది. అరవై దగ్గర పడుతుంటే. మా ఆయన పోయాడు, నా జట్టు ఆడపిల్లలందరినీ పెళ్ళిళ్ళకు మోసుకెళ్ళడానికి వ్యాను ఉంది, డ్రైవరుకు మాత్రం ఎప్పుడూ పాటల మధ్యలో టీ కావాలి, వాడు లేకుండా నేనే నడుపుతా అంది. ఇత్తాకు నేర్పడం అంటే. పరీక్ష గ్రౌండులో హెచ్ ఆకారంలో కర్రలు పాతి ఉంటాయి, వాటికి తగలకుండా ముందుకూ వెనక్కూ తిప్పాలి, మొదటిసారి రెండు కర్రలు పడేసింది, రెండోసారి ఇన్‌స్పెక్టరు కుర్చీ దాకా వెళ్ళింది. "నేను సరిగ్గానే వెళ్ళా, అవే అడ్డం వచ్చాయి" అని వాదించింది. ఇన్‌స్పెక్టరు నెత్తి కొట్టుకుంటే, "మొహం మీద కోపం ఉంచుకోకు నాయనా, నీ చెల్లెలి పెళ్ళికి మేమే పాడాం, బాకీ ఏమీ ఉంచుకోలేదు" అంది. చివరికి పాసైన రోజు వ్యాను తనే నడుపుకుంటూ వచ్చి ఇంటి ముందు ఆపి, హారన్ మీదే చెయ్యి పెట్టి కూర్చుంది, వీధి వీధంతా బయటికి వచ్చింది.

ఆ ఇత్తా ఇప్పుడు బయట వరండాలో కూర్చుని ఉంది. ఊపిరి నిదానంగా తీసుకో. నిదానంగా వదులు. నబీసాకు తనకంటే ముందే తిరగబెట్టింది. దగ్గు అనుకుంది, పాడి పాడి గొంతు చెడిందనుకుంది, కాలేయంలోనూ ఊపిరితిత్తుల్లోనూ అని తేలింది. ఈ కొక్కేల మందు సంగతి తనకు చెప్పింది కూడా ఆవిడే, పరీక్షలకు మనుషుల్ని తీసుకుంటున్నారే, నేను పేరిచ్చా, నువ్వూ ఇవ్వు, ఇద్దరం మళ్ళీ పక్క పక్క కుర్చీల్లో కూర్చుందాం అంది. పోయిన నెల ఈ గదిలోనే, ఈ మంచం మీదే పడుకుంది. ఆ రోజు వరండాలో కూర్చున్నది తను. తలుపు తెరుచుకుని నబీసా బయటికి వచ్చింది, తల మీది తట్టం సరిచేసుకుంది, "చీకటి" అంది. అంతే. మచ్చలు ఉన్నచోటే ఉన్నాయి, బుడగలు వాటి పక్క నుంచే ఎవరో తెలియని వాళ్ళను దాటినట్టు దాటిపోయాయి. పద, పళంపొరి తిందాం అంది. పడవ జెట్టీ దగ్గర అరటి బజ్జీలు కొనుక్కుని పడవెక్కారు, బజ్జీ చేతిలోనే చల్లారింది. అప్పుడు తను ఏం మాట్లాడింది? వంతెన మీద ట్రాఫిక్ గురించి. కొత్త మెట్రో స్తంభాల గురించి. నోటికి ఏదొస్తే అది. నబీసా నీళ్ళ వంక చూస్తూ అంతా విని, పడవ ఒడ్డుకు తగిలాక మాత్రం, "నీకెప్పుడే?" అని అడిగింది. జూన్‌లో అంది రోసిలీ. "నీకు వెలగాలి" అంది నబీసా. ఆ మాట అన్న తీరులో ఏదో ఉంది, ఆశీర్వాదమా ఆజ్ఞా, ఇప్పటికీ తేల్చుకోలేకపోతోంది. ఇవాళ పొద్దున్నే వ్యాను వేసుకుని గేటు ముందు దిగింది. తను వద్దంది. ఇత్తా, ఎవర్నైనా రమ్మంటాను, మీరెందుకు మళ్ళీ ఇక్కడికి అంది. నా వ్యాను, నా పెట్రోలు, నా ఇష్టం, ఎక్కు అంది.

వెలిగితే ఏ మొహం పెట్టుకుని బయటికి వెళ్తావు రోసిలీ. వెలగకపోతే ఏ మొహం పెట్టుకుని వెళ్తావు. ఆ ప్రశ్న వచ్చి ఛాతీ మీద కూర్చుంది, ఆపరేషన్ మచ్చ ఉన్న వైపు. ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, వెలగకపోయినా బాగుండు అనిపించింది, ఇద్దరం ఒక్కటిగా ఉంటాం, ఆవిడ ముందు నేను దొంగలా నిలబడక్కర్లేదు అనిపించింది. ఛీ. చర్చిలో పౌలోస్ వెలిగించిన రెండో కొవ్వొత్తి. బాత్‌రూంలో లిమి ఏడుపు. ఆవిడతో సమానంగా ఉండడానికి చావాలా? నబీసాకు తెలిస్తే చెంప పగలగొట్టేది. నా చీకటిని అడ్డం పెట్టుకుని నువ్వు కూర్చుంటావా అనేది. లేదు లేదు, వెలగాలి, వెలగండి, వెన్నులో ఉన్నదానా, నువ్వు ముందు వెలుగు, నీవల్ల నేను వంగి గిన్నె తీయలేకపోతున్నాను, తుంటిలో ఉన్నవాళ్ళూ, మీరూ, ఊపిరితిత్తిలో ఉన్నదానా నువ్వు కూడా, ఇన్నాళ్ళు దాక్కున్నది చాలు. ఎంత పిచ్చి, జబ్బును బతిమాలుకుంటోంది. స్టూడెంట్లను బతిమాలినట్టు, ఇంకొంచెం, ఇంకొంచెం, అలాగే, భయపడకు, నేనున్నానుగా.

ఆ బుడగలు ఇప్పుడు ఎక్కడున్నాయో. గుండెలోంచి ఊపిరితిత్తుల్లోకి, అక్కడి నుంచి మళ్ళీ గుండెకు, తర్వాత నడుముకు, కాళ్ళకు. వర్షంలో తడిసిన రోడ్లమీద స్కూలు పిల్లల రిక్షాలు తిరిగినట్టు ప్రతి సందులోకీ తొంగి చూస్తూ, ఇక్కడ కాదు, ఇక్కడ కాదు అనుకుంటూ. ఎవరు తయారు చేసుంటారు వీటిని? ఇదే ఆవరణలో వెనక బిల్డింగులో, తెల్ల కోట్లు వేసుకున్న పిల్లలు, పోయినసారి వచ్చినప్పుడు క్యాంటీన్లో చూసింది వాళ్ళను, పరోట్టా కోసం తోసుకుంటూ, ఎవడో ఎవడి చెవో మెలేస్తూ. వీళ్ళేనా అని ఆశ్చర్యపోయింది. వీళ్ళే చేచీ అంది డాక్టర్ ఇందులేఖ, ఆరేళ్ళ నుంచి, మొదట్లో బుడగలన్నీ కాలేయంలోకే వెళ్ళి కూర్చునేవి, బయటికి వచ్చేవి కావు, ఒకమ్మాయి ఏడ్చి మానేద్దామనుకుంది, తర్వాత పైపూత మార్చింది, ఇప్పుడు చాలామటుకు తప్పించుకుంటున్నాయి. అయినా కాలేయం, ప్లీహం అందరికీ కాస్త వెలుగుతాయి, అది చూసి సంబరపడకండి, దానికి అర్థం లేదు అంది. ఆ అమ్మాయి ఎవరో చూపించమని అడగాలనుకుంది, అడగలేదు. ఏమని చెప్తుంది? నువ్వు మానేయకపోవడం మంచిదైంది అని, అంతే కదా. అది చాలదా. ఈసారి అడుగుతుంది.

నిద్ర పట్టిందో లేదో తెలియదు. వాన ఆగిందేమో, గొట్టం చప్పుడు సన్నబడింది. కనురెప్పల వెనక నీళ్ళు కదులుతున్నట్టుంది, పడవ, దీపాలు, చిన్నప్పుడు నాన్నతో ఒడ్డున చేపలు పట్టే పెద్ద చీనా వలల దగ్గర నిలబడి ఉంది, వల పైకి లేస్తుంటే నాన్న భుజం మీద ఎక్కించుకున్నాడు, ఏం పడ్డాయి నాన్నా అంటే ఉండు, నీళ్ళు దిగనీ అన్నాడు. నీళ్ళు దిగనీ. ఎప్పుడో మర్చిపోయిన మాట, నాన్న గొంతు అచ్చం అలాగే, బీడీ వాసనతో సహా వచ్చింది.

"చేచీ, లేవచ్చు. నిదానంగా," అంది షిజి, ఈసారి స్పీకరులోంచి కాదు, పక్కనే నిలబడి. పక్క గదిలో యంత్రం పెద్ద ఉంగరంలా ఉంది, బల్ల మీద పడుకోబెట్టి లోపలికి జరిపారు, చేతులు తల వెనక్కి. ఊపిరి పట్టండి. వదలండి. పట్టండి. వదలండి. ఎంతసేపో. బయటికి జరిపాక బట్టలు సరిచేసుకుని, డాక్టర్ గదిలో కూర్చుంది.

డాక్టర్ ఇందులేఖ మానిటర్‌ను ఇటు తిప్పింది. బూడిద రంగులో ఒక మనిషి ఆకారం, తనే. మధ్యలో పెద్దగా వెలుగు. వెలిగింది అనుకుంది రోసిలీ, వెంటనే గుర్తొచ్చింది, కాలేయం. దానికి అర్థం లేదు. పక్కన చిన్నగా ఇంకొకటి, ప్లీహం, దానికీ లేదు. కింద మూత్రాశయం. డాక్టర్ బొమ్మను పొరలు పొరలుగా జరుపుతోంది, బూడిద రంగు, బూడిద రంగు, బూడిద రంగు. చీకటి అన్న మాట నబీసా గొంతులో ఒకసారి చెవిలో మోగింది. డాక్టర్ వేలు ఆగింది.

"ఇక్కడ చూడండి."

వెన్నెముక మీద, బియ్యపు గింజంత. తెల్లగా.

"అది... అదేనా?"

"అదే. నాలుగో ఎముక. పాత స్కానింగులో ఎక్కడుందో సరిగ్గా అక్కడే." బొమ్మ కిందికి జరిగింది. "తుంటిలో ఇదొకటి. ఇది రెండోది. చూశారా, రెండూ బాగా పట్టుకున్నాయి. ఊపిరితిత్తిలోది," అంటూ ముందుకు వంగింది, "ఇది కాస్త మసకగా ఉంది. కానీ ఉంది."

రోసిలీకి నవ్వొచ్చింది. అరచేత్తో నోరు మూసుకున్నా ఆగలేదు, నవ్వుతో పాటు కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, జబ్బు తన ఒంట్లో ఎక్కడెక్కడ కాపురం పెట్టిందో చూపిస్తుంటే పగలబడి నవ్వే మనిషిని డాక్టర్ ఇంతకుముందు చూసి ఉండదు. డాక్టర్ పేపర్ నాప్కిన్ల డబ్బా ముందుకు తోసింది.

"చేచీ, ఒక మాట. ఇది నయం కాదు. మందు ఇంకా మొదలే కాలేదు. నాలుగైదు డోసుల తర్వాత మళ్ళీ చూస్తే గానీ పనిచేస్తోందో లేదో చెప్పలేను. కానీ మందు ఎక్కడికి వెళ్ళాలో అక్కడికి వెళ్తుంది. అది ఇవాళ తెలిసింది."

"జుట్టు?"

"ఊడకపోవచ్చు. అంతకంటే ఎక్కువ చెప్పను."

"చెప్పకండి," అంది రోసిలీ ముక్కు తుడుచుకుంటూ. "ఇవాళ్టికి ఇది చాలు. డాక్టర్, ఆ పైపూత మార్చిన అమ్మాయిని ఒకసారి చూడొచ్చా?"

"మందు మొదలైన రోజు తీసుకొస్తాను. సిగ్గుపడుతుంది, మీరే మాట్లాడాలి."

తలుపు దగ్గర షిజి ఆపి చెప్పింది, ఒంట్లో వెలుగు, అదే రేడియేషన్, పూర్తిగా పోవడానికి సాయంత్రం అవుతుంది చేచీ, అందాకా చిన్నపిల్లలకూ కడుపుతో ఉన్నవాళ్ళకూ దూరంగా ఉండండి, మిగతావాళ్ళు కూడా మరీ అంటుకుని కూర్చోకపోతే మంచిది. సరేనంది. వరండా చివర బెంచీ మీద నబీసా కూర్చుని ఉంది, కాళ్ళ దగ్గర టిఫిన్ క్యారియర్, చేతిలో తడి గొడుగు. ఇటు చూసింది, లేవలేదు. రోసిలీ నడుచుకుంటూ వెళ్ళి బెంచీకి ఈ చివర కూర్చుంది. నవ్వంతా ఎక్కడికి పోయిందో.

"ఏమే, అంత దూరం కూర్చున్నావ్? కంపు కొడుతున్నానా?"

రోసిలీ తల అడ్డంగా ఊపింది.

"చీకటా?" నబీసా గొంతు తగ్గింది.

"కాదు ఇత్తా." రోసిలీ చేతి మీది దూదిని వేలితో నొక్కుకుంది. "వెలిగాయి. అన్నీ. ఊపిరితిత్తిలోది ఒక్కటే కొంచెం మసకగా."

నబీసా కళ్ళు మూసుకుంది. రెండు అరచేతులూ తెరిచి, పెదాలు కదిపి, చేతులతో మొహం తుడుచుకుంది. కళ్ళు తెరిచాక మళ్ళీ మామూలు నబీసా. "మరి ఎవరో చచ్చినట్టు ఆ మొహం దేనికి?"

"మీకు..."

"మీకు మీకు అని నా సంగతి నువ్వెందుకే మొయ్యడం? నీ నడుం అసలే బాగాలేదు." గొడుగు కొనతో నేల మీద నీటి మడుగును అటూ ఇటూ లాగింది. "విను. పోయిన వారం మీ డాక్టరమ్మ నన్ను పిలిచింది. నా గడ్డలోంచి చిన్న ముక్క అడిగింది. నా వాటికి ఈ పిడి లేదట, కానీ ఇంకేదో ఉంటుందట, అదేంటో చూసి దానికి తగిన కొక్కెం చేస్తారట ఆ వెనక బిల్డింగు పిల్లలు. నాలాంటివాళ్ళు చాలామందే ఉన్నారట. ఏడాది పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు, కుదరకపోనూ వచ్చు, అది కూడా చెప్పింది. ముక్కేంటమ్మా, మొత్తం తీసుకుపో అన్నాను."

"తీశారా?"

"తీశారు. కొంచెం నొప్పేసింది. ఇప్పుడు వేసుకుంటున్న మాత్రల వల్ల దగ్గు తగ్గింది కదా, పెళ్ళిళ్ళ సీజను దాకా గొంతు నిలబడితే చాలు, తర్వాతి సంగతి ఆ పిల్లలూ పైవాడూ చూసుకుంటారు."

"వారం నుంచి నాకు చెప్పలేదు!"

"నీది తేలనీ అనుకున్నా. నీకు చీకటైతే ఇద్దరం కలిసి ఏడవాలిగా. మధ్యలో ఈ ఆశ ఒకటి వచ్చి ఏడవనీకుండా చేస్తుందని దాచా." క్యారియర్ పైకెత్తి ఒళ్ళో పెట్టుకుని మూత తీసింది. పల్చటి బియ్యప్పిండి రొట్టెలు, పత్తిరీలు, కింద గిన్నెలో కోడికూర, కొబ్బరిపాల వాసన వరండా అంతా కమ్ముకుంది. పొద్దుట్నుంచీ ఏమీ తినని రోసిలీ కడుపు చప్పుడు చేసింది. నబీసా బెంచీ మీద ఇటు జరగడం మొదలెట్టింది.

"ఇత్తా, వద్దు, అక్కడే ఉండండి! సాయంత్రం దాకా ఎవరూ దగ్గరికి రాకూడదన్నారు. చిన్నపిల్లలూ, కడుపుతో ఉన్నవాళ్ళూ..."

"నేను చిన్నపిల్లనా?"

"కాదు కానీ..."

"కడుపుతో ఉన్నానా?"

షిజి తలుపు సందులోంచి తల బయటపెట్టి చూసి, నవ్వాపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది. నబీసా వచ్చి భుజానికి భుజం ఆనించి కూలబడింది, పత్తిరీ తుంచి, కూరలో ముంచి, రోసిలీ నోటి దగ్గర పెట్టింది. రోసిలీ నోరు తెరవబోతే ముద్ద కంటే ముందు ఏడుపు వచ్చింది.

"ముందు నమలవే," అంది నబీసా. "మింగాక ఏడుద్దువుగాని."